ఏడిస్తేనే మాత్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి మా నాయనమ్మ. అదే ఆమెకు శాపమైంది. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊరూవాడా కదిలిన అరవై తొమ్మిది నాటి మాట ఇది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇప్పటి కోచింగ్ సెంటర్లూ బట్టల దుకాణాలూ అప్పుడెక్కడివి, మా వాకిట్లో నిలబడితే వానకు పండే చెలకలు కనపడేవి.

నాయనమ్మకు నడుము పక్కన సర్పి లేచింది. పొక్కులు ఎండిపోయాయి, మచ్చలు కూడా మాసిపోయాయి గానీ నొప్పి మాత్రం పోలేదు. లోపల నరం కాలుతున్నట్టు ఉండేదట. చీర కొంగు తగిలినా ఉలిక్కిపడేది. పైకి కనపడేదేమీ లేదు కాబట్టి పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ఒక సలహా పడేసి పోయేవారు. ఒకరు వేపాకు అన్నారు, ఒకరు దిష్టి అన్నారు, ఓర్చుకోమని మాత్రం అందరూ అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

చివరికి పెద్ద దవాఖానలో డాక్టరు నల్లమందు జాతి మాత్రలు రాశాడు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకు ఒకటి ఇవ్వాలనీ, చెప్పినదానికంటే ఒక్కటి కూడా ఎక్కువ ఇవ్వొద్దనీ మా పెద్దనాయనకు మరీ మరీ చెప్పాడు. ఆయన చెవికెక్కింది నల్లమందు అన్న ఒక్క మాటే. ఊళ్ళో ఆ అలవాటుతో పాడైపోయిన ముసలాయన ఒకడు ఆయనకు తెలుసు. పైగా బందుల వల్ల బస్సులు ఎప్పుడు నడుస్తాయో, మళ్ళీ మాత్రలు ఎప్పుడు దొరుకుతాయో తెలియదు. అందుకని సీసా తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. తట్టుకోలేనప్పుడే ఇస్తానన్నాడు. తట్టుకోలేకపోవడమంటే ఆయన దృష్టిలో ఏడవడం.

నాయనమ్మ ఏడ్చే మనిషి కాదు. తాతయ్య పోయిన రోజు కూడా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుందట. నొప్పి ఎక్కువైతే పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగేది. పెద్దనాయన తొంగిచూసి, పడుకుందిలే అనుకుని ఉద్యమ సభకు పోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మా గోడు ఎవరూ వినరేమని ఊరేగింపుల్లో గొంతు చించుకునే మనిషికి, ఇంట్లో అరవని తల్లి గోడు వినపడలేదు. ఆ మాట నేనంటే చిన్నపిల్లవు, నీకేం తెలుసనేవారు.

ఒకనాడు పొద్దున నాయనమ్మ ముఖమంతా చెమట. మాత్ర అడిగింది. మెల్లగా అడిగింది కాబట్టి, ఇంకొంచెం ఓర్చుకోమని చెప్పి పెద్దనాయన బయటికి నడిచాడు. మధ్యాహ్నం మా అమ్మ పోరు పడలేక ఒకటి ఇచ్చాడు. కాసేపటికి నాయనమ్మ తేరుకుని నాతో పచ్చీసు ఆడుతూ కూర్చుంది. సాయంత్రం పెద్దనాయన చెప్పుల చప్పుడు వినపడగానే గవ్వలు పక్కన పెట్టి ఒక్కసారిగా శోకాలు మొదలుపెట్టింది. హడలిపోయి నేనూ ఏడ్చాను. పెద్దనాయన పరుగున వెళ్ళి పెట్టె తీసి మాత్ర, నీళ్ళు తెచ్చాడు.

నాయనమ్మ టక్కున ఏడుపు ఆపేసింది. కళ్ళు తుడుచుకుని, మాత్ర ఉన్న ఆయన చేతిని వెనక్కి నెట్టింది.

“పొద్దుగాల నా పానం పోతున్నట్టుండె కొడుకా. ఏడ్వలేదని నువ్వియ్యలే. ఇప్పుడు జర నయంగుంది, మాత్ర యాళ్ల ఇంక కాలే. ఉత్తగ ఏడిస్తే ఉరికొచ్చినవ్. నువ్వు మందిస్తున్నది నా నొప్పికా, ఏడుపుకా?”

పెద్దనాయన మాత్రను తిరిగి సీసాలో వేశాడు. ఆ రాత్రి మాత్ర వేళకు వచ్చింది. తర్వాత కూడా ఎప్పుడూ తప్పలేదు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, నాయనమ్మ వాకిట్లో కూర్చుని నలుగురితో మాట్లాడగలిగేది. అయినా, అంతటి మనిషి కన్నకొడుకు ముందు నాటకం ఆడాల్సి వచ్చిందే అన్న కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు నేను వనస్థలిపురంలో ఉంటున్నాను. షుగర్ వల్ల పాదాల్లో నరాలు రాత్రింబగళ్ళు మండుతాయి. వేరే మందులేవీ పనిచేయక నాకూ ఆ జాతి మాత్రలే రాశారు. మొన్న ఎల్బీనగర్‌ ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు నా ఇస్త్రీ చీర, నవ్వు ముఖం చూసి, చూస్తే బాగానే ఉన్నారు కదమ్మా, నిజంగా అంత నొప్పి ఉందా అన్నాడు. కోపం గొంతుదాకా వచ్చింది. ఏడ్చి నమ్మించే పని మా ఇంట్లో ఒకరు చేశారు, చాలు. ఉంది నాయనా అని మామూలు గొంతుతోనే చెప్పి, ఆయన కలం తీసి మందు రాసేదాకా కుర్చీలోంచి లేవలేదు.