కక్కు కొట్టిన శాసనం

1959 వేసవిలో నన్ను నందిగామ తాలూకా శాసనాల సర్వేకు వేశారు. అప్పటికి నేను శాసనాల శాఖలో అసిస్టెంటును. బస జగ్గయ్యపేటలో. రాళ్ల మీది పాత రాతలకు అచ్చు తీయడం మా పని. రాయి కడిగి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్షుతో కొడితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. వెళ్లేముందు ఊరికి కార్డు రాయడం మాలో ఒక మర్యాద.

అలా కార్డు రాసి వెళ్లిన ఒక ఊరు కృష్ణ ఒడ్డున, కొండవాలు మీద ఉంది. రెడ్డిరాజుల నాటిదంటారు. కోటగోడ సగం కూలి ఏట్లోకి జారింది. మెట్ల వీధుల్లో చాలా ఇళ్లకు తాళాలు. ఎండలో ఎక్కుతుంటే పలకరించిన మనిషి లేడు. అంత దిగులుగా ఉన్న ఊరు నేను మళ్లీ చూడలేదు.

పైన గుడి దగ్గర పూజారి ఆచార్యులుగారు ఎదురొచ్చారు. ఇనాం భూముల విచారణ జరుగుతున్న రోజులవి. ఆయన సాగుచేసుకుంటున్న పొలం గుడిదేనని రుజువు చూపాలి. కాగితాలు లేవు. ఉన్నదల్లా ధ్వజస్తంభం పక్కనున్న దానశాసనం. దాని నకలు నేనిస్తే పొలం నిలుస్తుంది, లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

దగ్గరికెళ్లి రాయిని చూశాను. ఒళ్లంతా కొత్త ఉలిగాట్లు. పండక్కీ పబ్బానికీ కొట్టిన సున్నం అక్షరాలను కప్పేసిందట. నా కార్డు అందాక, అరిగిన రోళ్లను ఉలితో గరుకు చేసే కక్కు కొట్టేవాళ్లు ఊళ్లోకొస్తే, సున్నం వదిలించమని ఆయనే పురమాయించి మడి కట్టుకుని లోపలికి వెళ్లారు. వాళ్లు రోలుకు కొట్టినట్టే కొట్టి పోయారు.

"తమకు శ్రమ తగ్గుతుందని చేయించానండీ. నీళ్లు పోసి కడిగితే అక్షరాలు పైకొస్తయ్ గదండీ?" అన్నారు.

రాయి పైభాగంలో ఒక్క అక్షరమూ మిగల్లేదు. మట్టిలో కూరుకుపోయిన అడుగుభాగం తవ్వించాను. రెండు పంక్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అచ్చు తీశాను. దాత పేరు లేదు, పొలం హద్దులు లేవు. దానశాసనాల చివర మామూలుగా ఉండే మాటలే అవి: ఈ ధర్మానికి హాని చేసినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని.

చదవమంటే చదివాను. ఆయన "అయితే అది నాకే తగులుద్దాండీ?" అని అడిగారు. తెలియక చేసినదానికి పాపం లేదన్నాను. నమ్మినట్టు లేదు. విచారణలో పొలం పోయింది.

ఆ తర్వాత ఏ ఊరికీ ముందుగా కార్డు రాయలేదు. పై అధికారులు మందలించినా సరే, మొదట అచ్చు తీసుకుని, ఆనక ఎందుకొచ్చానో చెప్పేవాణ్ణి. పట్టించుకోనివాళ్ల కంటే, కావాలనుకున్నవాళ్ల చేతుల్లోనే శాసనానికి ప్రమాదం ఎక్కువని ఆ ఊళ్లో నేర్చుకున్నాను.