చిత్తడి రాజ్యం, పుస్తకంలో లేని నియమం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తంలో దెయ్యాలు, రాక్షసులు, పన్నుల ఆఫీసువాళ్లు ముగ్గురూ కలిసి భయపడే మనిషి మా అమ్మమ్మ లవోన్ స్టెల్టర్. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి ఆవిడ ఒక్క చూపు చూస్తే గడ్డకట్టిన సరస్సు దానంతటదే పగులుతుంది. దేశంలోకెల్లా పెద్ద ఆటల కంపెనీని వేయించిన చేపతో, క్యాబేజీ సలాడ్‌తో మట్టి కరిపించిన ఏకైక వీరనారి ఆవిడే. ఇందులో అతిశయోక్తి ఏమైనా ఉంటే అది సరస్సు సంగతిలోనే.

ఆవిడకు అనుమానమే ఊపిరి. బ్యాంకువాళ్లు ఊరికే ఇచ్చిన పెన్నును కూడా విప్పి లోపల చూశాకే రాస్తుంది. చర్చి లాటరీలో తనకు కేకు తగిలితే, అది ఎవరింట్లో తయారైందో తేలేదాకా ముట్టలేదు. అలాంటి మనిషి చేసే వ్యాపారం మాత్రం లేనివాటిని అమ్మడం.

మా ఊళ్లో ఒకప్పుడు చేపల ఎరలు అమ్మిన కొట్టు ఆవిడది. దాని కింది నేలమాళిగలో ఇప్పుడు అట్టపెట్టెల నిండా పుస్తకాలు. 'చిత్తడి రాజ్యం' ఆవిడ సొంతంగా కట్టిన ఆట. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. వంతెన విరిగిందా, రాక్షసి కరిచిందా అన్నది పాచికలు తేలుస్తాయి. చిన్నప్పుడు తండ్రి క్రాన్‌బెర్రీ పళ్లు పండించే మళ్లలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చూసిందంతా ఆవిడ అందులో పెట్టింది. ఆ రాజ్యంలో వీరులకు కత్తిపోట్లకన్నా జలుబు ఎక్కువ చేస్తుంది. మా తాత బతికున్న రోజుల్లో, చర్చి కరపత్రాలు వేసే యంత్రం మీద మొదటి ప్రతులు అచ్చయ్యాయి. ఇప్పటికీ వాటికి కొంచెం కొవ్వొత్తి వాసన వస్తుంది.

కొత్త శతాబ్దం వచ్చాక రెండో శీతాకాలంలో డ్వేన్ ఊడిపడ్డాడు. డ్వేన్ ప్రిబిల్ అమ్మమ్మ అక్క కొడుకు, పక్క ఊళ్లో ఆటల దుకాణం నడుపుతాడు. బూట్లకున్న మంచు దులపకుండానే మొదలుపెట్టాడు.

"పిన్నీ, పెద్ద కంపెనీవాళ్లు గేట్లు ఎత్తేశారు. వాళ్ల నియమాలు ఎవరైనా వాడుకోవచ్చంట. ఊరికే! అట్ట మీద వాళ్ల ముద్ర వేసుకోవచ్చంట."

"ఊరికే ఎందుకిస్తారు?"

"మంచోళ్లు కాబట్టి."

"మంచోళ్లయితే వాళ్లకి అంత పెద్ద భవనం ఎక్కణ్ణించి వచ్చింది?"

"అబ్బా! పిల్లలు కొట్టుకొచ్చి ముందు ముద్ర ఉందా అనడుగుతున్నారు. ముద్ర లేని పుస్తకం నేను ముందు అరలో పెట్టలేను. నీ నియమాలు తీసేసి వాళ్లవి పెట్టు. కథ నీదే, చిత్తడి నీదే, జలగలూ నీవే."

అమ్మమ్మ రెండు రోజులు నేలమాళిగలో పెట్టెలు అటువి ఇటు, ఇటువి అటు సర్దింది. ఏదైనా తేలకపోతే ఆవిడ చేసే పని అదే. లెక్క ఆవిడకు తెలియనిది కాదు. ఆటగాళ్లందరూ పుస్తకం కొనరు, కథ నడిపేవాడొక్కడే కొంటాడు. మరి తన పుస్తకంలో వాళ్ల నియమాలుంటే, తన పుస్తకం కొన్న ప్రతివాడూ వాళ్ల లావుపాటి నియమాల పుస్తకం కూడా కొనాలి. అంటే తను ఊరూరా తిరిగి వాళ్ల సరుకు అమ్మిపెడుతుంది, జీతం లేకుండా. అయితే డ్వేన్ ముందు అరలోంచి తీసేస్తే చిత్తడి రాజ్యాన్ని చూసేవాడే ఉండడు. అటు గొయ్యి, ఇటు నుయ్యి.

కంపెనీ మనిషి గ్యారెట్ అనే కుర్రాడు మాట్లాడ్డానికి వస్తానన్నాడు. "రమ్మను, శుక్రవారం రమ్మను" అంది అమ్మమ్మ. శుక్రవారమంటే మా ఊళ్లో ఎవరికైనా వేయించిన చేపే. ఆవిడ ఇంట్లో మాత్రం చేప తర్వాత ఆట ఉంటుంది. ఎవరితోనైనా వ్యాపారం చేయాలంటే ముందు వాళ్లు ఆ బల్ల దగ్గర కథ నడపాల్సిందే. పుస్తకాలకు అట్టపెట్టెలు చేసేవాడిచేత కూడా నడిపించింది. పాపం, వాడికి రాజు ఎవరో రాక్షసుడు ఎవరో చివరిదాకా తెలియలేదు. అయినా నిజాయితీగా తికమకపడ్డాడని పని ఇచ్చింది.

గ్యారెట్ చక్కగా దువ్వుకుని వచ్చాడు. రై రొట్టె రెండోసారి అడిగి తిన్నాడు. అది నచ్చి అమ్మమ్మ మెత్తబడుతుందేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం వాడు సలాడ్ ఎందుకు వదిలేశాడా అని చూస్తోంది.

"మా బలం ఒక్కటే మేడమ్," అన్నాడు వాడు చెయ్యి తుడుచుకుంటూ. "ఏ ఊళ్లో ఏ బల్ల దగ్గరైనా అవే నియమాలు. అక్షరం మారదు. అందుకే మీలాంటివాళ్లు ధైర్యంగా మా మీద కట్టుకోవచ్చు."

"అక్షరం మారదా?"

"మారదు మేడమ్."

ఆట మొదలైంది. వాడు బాగానే నడిపాడు, ఒప్పుకోవాలి. పొగమంచు కమ్ముతుందనగానే డ్వేన్ నిజంగానే కోటు దగ్గరికి లాక్కున్నాడు. నా పాత్ర హల్డా అనే జలగలు పట్టే మనిషి. దానికో మేక కూడా ఉండేది. మూడు వారాలు కూర్చుని దాని బతుకంతా రాశాను. బడిలో నేను ఏ వ్యాసానికీ అంత కష్టపడలేదు. అలాంటి హల్డాకు వంతెన దిగగానే బురద రాక్షసి కొట్టిన దెబ్బకు ప్రాణం పాయింట్లు మొత్తం పోయాయి, సున్నా. నేను ఏడుపు మొహం పెట్టాను.

"అయ్యో, అది అప్పుడే చావదు," అన్నాడు గ్యారెట్ నవ్వుతూ. "మూడుసార్లు పాచిక వేయి. రెండుసార్లు నెగ్గితే బతుకుతుంది."

వేశాను. నెగ్గాను. డ్వేన్ చప్పట్లు కొట్టాడు. అమ్మమ్మ నవ్వలేదు. ఎవరైనా దయ చూపిస్తే ఆవిడ కళ్లద్దాలు వాటంతటవే కిందికి జారతాయి.

"ఎక్కడుందయ్యా ఆ నియమం?"

"పుస్తకంలోనే మేడమ్."

"చూపించు."

వాడు పేజీలు తిప్పాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. సున్నా అయితే చావే అని ఉంది అక్కడ. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"అది... మేం ఆఫీసులో ఆడుకునే పద్ధతి. అలవాటులో వచ్చేసింది."

"పోన్లే పిన్నీ, మన ఇళ్లల్లో మనం మార్చుకోమా?" అన్నాడు డ్వేన్.

"మనం మార్చుకుంటాం. అక్షరం మారదన్నది ఈయన. ఏం బాబూ, ఎన్నాళ్లుగా ఆడుతున్నారు అలా? పాత నియమం మర్చిపోయేంత కాలమా?"

గ్యారెట్ పళ్లెంలో మిగిలిన చేప ముల్లు వైపు చూశాడు.

"ఆఫీసులో కూర్చుని రోజూ కొత్తది ఆడుతున్నారంటే, ఆ పుస్తకం అచ్చుకు దగ్గరపడినట్టేగా?" అంది అమ్మమ్మ. "అది వచ్చిన రోజున, పాత నియమాల మీద కట్టుకున్నవాళ్ల పుస్తకాలు ఏమవుతాయి?"

"ఆ విషయం మాట్లాడటానికి నాకు అనుమతి లేదు మేడమ్."

"అనుమతి అందరికీ ఊరికే ఇస్తున్నారుగా, నీకే ఇవ్వలేదా?"

అమ్మమ్మ నా పాత్ర కాగితం లాక్కుని అడ్డంగా గీత కొట్టేసింది.

"హల్డా చచ్చింది. ఉన్న పుస్తకం ప్రకారం."

"అమ్మమ్మా! మేకో?"

"మేక నాకు."

గ్యారెట్ మీద ఆవిడకేం కోపం లేదు. వెళ్లేటప్పుడు రొట్టె మూటకట్టి ఇచ్చింది. సంతకం మాత్రం ఇవ్వలేదు.

డ్వేన్ అలిగాడు. చిత్తడి రాజ్యాన్ని వెనక అరలో, పజిళ్ల పక్కన, ఎవరూ వంగి చూడని చోట పెట్టాడు. ఆ ఏడాది పెట్టెలు కదలనే లేదు. అమ్మమ్మ వేసవి ఆటల సంతకు మడతబల్ల వేసుకుని వెళ్లి, ఆగినవాణ్ణల్లా కూర్చోబెట్టి ఆడించి అమ్ముకొచ్చింది. ఒక్కోసారి పెట్టెలు సర్దుతూ, "ఆ కుర్రాడు నిజంగానే అలవాటులో అన్నాడేమో" అని గొణుక్కునేది. తన అనుమానం మీద కూడా ఆవిడకు అనుమానమే.

మరుసటి ఎండాకాలం కొత్త ఎడిషన్ వచ్చింది. మూడుసార్లు పాచిక వేసే నియమం అందులో ఉంది. కంపెనీ ముద్ర వేసుకుని పాత నియమాల మీద కట్టిన చిన్నవాళ్ల పుస్తకాలన్నీ ఒక్క వారంలో పాతబడిపోయాయి. డ్వేన్ కొట్టు నిండా అవే. కొన్ని బల్ల కాలికింద పెట్టాడు, కొన్ని తలుపుకు ఆనించాడు. చివరికి చలికాలంలో, ఈసారి బూట్ల మంచు దులుపుకునే మా ఇంటికి వచ్చాడు.

"పిన్నీ, చిత్తడి రాజ్యం పెట్టెలు ఉన్నాయా? ముందు అరలో పెడతాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి, నీ నియమాలు మారలేదుగా! పాతవాళ్లు అదే అడుగుతున్నారు."

"పెట్టు. కానీ నీ ముద్రలేవీ వేయకు."

ఇదంతా రాసి మొన్న ఆవిడకు చదివి వినిపించాను. సరస్సు పగిలే చోట నవ్వుతుందనుకున్నాను. కళ్లద్దాలు జారాయి.

"సొల్లు ఎక్కువైంది. కంపెనీ ఏం మట్టి కరవలేదు, వాళ్లూ అమ్ముకుంటున్నారు, నేనూ అమ్ముకుంటున్నాను. అది సరే, ఈ కథ హక్కులు ఎవరి పేరు మీద పెట్టావే?"