పలక మీద అంకెలు

పురావస్తు తవ్వకాల్లో ముప్ఫై ఏళ్లు మేస్త్రీగా చేసిన మనిషికి మట్టి మీద నమ్మకం కుదురుతుంది గానీ, మనుషుల మీద కూడా కుదరాలని ఎక్కడుంది? పలక మేస్త్రీకి కుదరలేదు. టీ పల్చగా ఉంటే ఫ్లాస్కు తెచ్చినవాణ్ణి, బ్రష్షు కనపడకపోతే పక్క గుంటవాణ్ణి అనుమానించేవాడు. చేతిలో నల్ల పలక లేకుండా ఏ గుంటకూ ఫోటో తీయనివ్వడు కాబట్టి ఆ పేరు వచ్చింది. తేదీ, గుంట నంబరు, లోతు, అన్నిటికీ కింద ఆ చోటు భూమి మీద సరిగ్గా ఎక్కడుందో చెప్పే రెండు పొడుగాటి అంకెలు. అన్నీ అచ్చు గుద్దినట్టు రాసేవాడు. ఒకప్పుడు ఫిల్ము రీళ్లు కలగాపులగమై, ఒక ఏడాది ఫోటోలన్నీ ఏ గుంటవో తెలియకుండా పోయాయి. అప్పటినుంచి పలక లేని ఫోటో ఆయన దృష్టిలో ఫోటోనే కాదు.

ఈ ఏడాది కొత్తగా ఒక అమ్మాయి చేరింది. గుంట చుట్టూ తిరిగి రెండు వందల ఫోటోలు తీస్తుంది, వాటిని కంప్యూటర్లో కలుపుతుంది, గుంటను గుంటలాగే తెర మీద గిర్రున తిప్పి చూపిస్తుంది. నెట్‌లో తవ్వకాల పేజీ నడిపేదీ ఆమే. జనం అందులో ప్రశ్నలు అడుగుతుంటే జవాబులిస్తుంది. అందరూ ఫోన్ పిల్ల అనేవారు. మేస్త్రీకి మాత్రం మొదటిరోజే ఒళ్లు మండింది. చెప్పులకు మట్టి అంటకుండా గుంటల దగ్గర తిరిగే మనిషిని ఎలా నమ్మడం?

సోమవారం పొద్దున ఆ అనుమానానికి ఆసరా దొరికింది. ఆదివారం సెలవు చూసుకుని ఎవరో వచ్చారు. ఎనిమిది గుంటలుండగా నేరుగా ఏడో దాంట్లో దిగి, రాతిపూసలు బయటపడుతున్న మూలను కుళ్లగించి, దొరికినవి పట్టుకుపోయారు. పదిరోజులు బ్రష్షుతో దులిపిన చోట పార గాట్లు చూసి మేస్త్రీకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపమూ వచ్చింది.

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టిస్తాను మేడం,” అన్నాడు తవ్వకాల డైరెక్టరు గదిలో, ఆమెతో. “ఆ పిల్ల ఫోన్లో నా కళ్లతో చూశాను. ఈ చోటెక్కడ అని ఎవడో అడుగుతున్నాడు.”

డైరెక్టరు ఆ పిల్లను పిలిపించింది.

“అడుగుతారు మేడం, రోజుకి పదిమంది. నేను చెప్పను. ఫోటోలో చెట్టూ కొండా కూడా పడకుండా చూసుకుని, వారం ఆగి పెడతాను. ఫోన్ తనంతట తాను ఎక్కించే లొకేషన్ కూడా తీసేస్తాను.”

“చూశారా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది,” అన్నాడు మేస్త్రీ.

పిల్ల ముఖం పాలిపోయింది. “బాబాయ్, నన్ను దొంగంటున్నారా మీరు?”

ఆయన కిటికీ వైపు చూశాడు. డైరెక్టరు ఆమెను కెమెరా, షెడ్డు తాళాలు బల్ల మీద పెట్టమంది. సాయంత్రం పై ఆఫీసుకు ఉత్తరం వెళుతుంది. అది వెళ్లిందంటే ఇక ఏ తవ్వకంలోనూ ఆ పిల్లకు పని దొరకదు. పీడ విరగడైందనుకుంటూ మేస్త్రీ క్యారేజీ విప్పుకున్నాడు. అప్పుడే కూతురు ఫోన్ చేసింది.

“నాన్నా, నీ ఫోటోకి ఎన్ని లైకులో తెలుసా? ఆరు వందలు దాటాయి.”

“ఏ ఫోటో?”

“పూసలు దొరికిన రోజు పలక పట్టుకుని దిగి పంపావుగా. మా నాన్న అని రాసి నా పేజీలో పెట్టాను. ఎవరో పెద్దాయన తెగ మెచ్చుకున్నాడు, ప్రతి అంకె ఎంత స్పష్టంగా రాశారో అని.”

ముద్ద క్యారేజీలోనే వదిలేశాడు. ఆ ఫోటో తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఛాతీ విరుచుకుని తను. చేతిలో పలక. ఏడో గుంట. కింద ఆ రెండు అంకెలు. వాటిని ఏ ఫోనూ ఎక్కించలేదు. సుద్దముక్కతో తను రాసినవే. ఒక్క సున్నా కూడా అలుక్కుపోలేదు.

“అది తీసెయ్యమ్మా. ఇప్పుడే తీసెయ్యి.”

“ఎందుకు నాన్నా?”

“ఇంటికొచ్చి చెప్తా.”

ఫోటో పోయింది. తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. రిటైరవడానికి ఆరు నెలలుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుంటల మధ్య గట్ల మీద రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. ఇంతా చేస్తే ఆ పిల్లకు వ్యతిరేకంగా తన దగ్గరున్న సాక్ష్యం ఏమిటి? చెప్పులకు మట్టి లేకపోవడం. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె మొత్తం విని, ఉత్తరం చింపేసి, “జరిగింది రాసివ్వండి,” అంది. ఆయన కాగితం అడగలేదు. బల్ల మీది కెమెరా, తాళాలు తీసుకుని బయటికొచ్చాడు.

ఫోన్ పిల్ల షెడ్డు మెట్ల మీద కూర్చుని వైర్లు చుట్టుకుంటోంది.

“నీవేనమ్మా ఇవి,” అన్నాడు కెమెరా, తాళాలు అందిస్తూ. “ఏడో గుంట పూడ్చేలోగా దెబ్బ తిన్నచోట ఫోటో తీయాలి.”

ఆమె కెమెరా మెడలో వేసుకుని వెంట నడిచింది. మేస్త్రీ గుంటలో దిగి, పార గాట్ల పక్కన పలక పెట్టుకుని రాశాడు. తేదీ. ఏడో గుంట. దొంగతనం. కారణం: నేను బయటికి పంపిన ఫోటో. తప్పు నాది, ఈ అమ్మాయిది కాదు.

ఆమె అది చదివింది. మళ్లీ చదివింది. కెమెరా ఎత్తి, ఒక ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి చూసుకుంది.

“బాబాయ్, కింద అంకెలు.”

చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు. రెండు అంకెలూ పొందిగ్గా కూర్చుని ఉన్నాయి. గాభరాగా తువ్వాలుతో చెరపబోయాడు.

“ఉండనివ్వండి. రికార్డుకి కావాలిగా. ఇది నా దగ్గరినుంచి ఎక్కడికీ పోదు.”

మేస్త్రీ తువ్వాలు దించాడు. ఆమె చాలన్నదాకా పలక కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.