ఆపమని యాడ రాసినవ్?

గడియారం విప్పి జేబులో వేసుకున్నాడంటే మా సారు ఇక మనిషి కాదు, కంప్యూటర్. తొంభైల్లో కోదాడ బస్టాండు దగ్గర ఒక మేడమీద ఆయన మాకు బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పేవాడు. మేం పన్నెండు మందిమి, ఉన్న మిషను ఒక్కటే. అందుకని పరీక్షరోజు మేం బోర్డు మీద ఏం రాస్తే అది తానే చేసి చూపేవాడు. ప్రశ్న ఎప్పుడూ ఒకటే: రాసినవాడి అరచేతి మీద చెక్క స్కేలుతో అయిదు దెబ్బలు కొట్టించే ప్రోగ్రాం రాయాలి.

బేసిక్‌లో లైన్లకు పది, ఇరవై అని పదేసి చొప్పున నంబర్లు వేస్తారు. “నా చెయ్యి మీద కొట్టు” అని పదో లైను రాశాను. “మళ్లీ పదో లైనుకు పో” అని ఇరవయ్యో లైను రాశాను. లెక్కపెట్టి అయిదు కాగానే ఆపే లైను మరిచాను. దెబ్బలు అయిదు దాటాయి, ఇరవై దాటాయి. చర్మం చిట్లి రక్తం కారింది.

“ఆపుండ్రి సార్!”

“ఆపమని యాడ రాసినవ్‌రా? కంప్యూటర్‌కు జాలి ఉంటదా?”

మేళ్లచెరువు నుంచి వచ్చే అమ్మాయి విసురుగా లేచింది. బోర్డు మీద “నా చెయ్యి” తుడిచి “సారు చెయ్యి” అని రాసింది.

“ఇప్పుడు చెయ్యండి సార్.”

సారు చదివాడు. నన్ను వదిలాడు. తన ఎడమచెయ్యి బల్ల మీద పరిచి కొట్టుకోసాగాడు. స్కేలు విరిగింది. విరిగిన ముక్కతోనే కొట్టుకున్నాడు. బల్ల ఎర్రబడింది.

“రాయుండ్రి... జర ఎవరన్నా రాయుండ్రి” అన్నాడు, చెయ్యి ఆపకుండానే.

ఆపే లైను అప్పటికి పన్నెండు మందికీ వచ్చు. ఎవరం లేవలేదు.