పెళ్లి బరాత్‌కు రేసు కారు

మా అన్న ట్రాక్టర్ అమ్మి కారు కొన్నాడని తెలిసిన రోజు నాయిన అన్నం ముట్టలేదు. కన్నతల్లి కనుక అవ్వ మాత్రం శుభ్రంగా తిని, "నా కొడుకు ఏం జేసినా ఆలోచించే జేస్తడు" అంది.

ఆ ఆలోచన ఏమిటంటే, మా కాటారం చుట్టుపక్కల పెళ్లికొడుకులను ఊరేగించడానికి జనం మామూలు కార్లతో విసిగిపోయారట. నల్లగా నిగనిగలాడుతూ, నేలకు ఆనుకుని, స్టార్ట్ చేస్తే పులిలా గుర్రుమనే విదేశీ సెడాన్ ఉంటే ఎంత కిరాయైనా ఇస్తారట. ఎకరన్నర పొలంతో పాటు ఆ ట్రాక్టర్ కిరాయిలే మా ఇంటిని నడిపేవి. ఇప్పుడు దాని చోట, హైదరాబాద్‌లో ఒక డాక్టరు కొన్నేళ్లు వాడి వదిలించుకున్న నాలుగు వందల హార్స్‌పవర్ కారు వచ్చి నిలబడింది. అది ఆగితే ఇల్లు ఆగుతుంది.

డాక్టరు ఎందుకు వదిలించుకున్నాడో ఇంటికి తెచ్చే దారిలో, జనగామలోనే తెలిసింది. బానెట్ సందుల్లోంచి పొగలు. రోడ్డు పక్కన ఉన్న మెకానిక్ మూత ఎత్తి, దాని కింద ఇంకో మూత చూసి దాన్నీ ఎత్తాడు. చివరికి లోపలికి చెయ్యి పెట్టి చెప్పాడు.

"వాటర్ పంపు పగిలిందన్నా. దీనికి ప్లాస్టిక్ పంపు పెట్టిండ్రు."

"గింత కారుకు ప్లాస్టికా?"

"నీళ్ల బిందె కొన్నట్టే కొన్నవనుకో. గిది నలభై వేల బిందె. గేర్ బాక్స్ మాత్రం పైలం. గది పోయిందంటే నాలుగు లక్షలు. గప్పుడు ఇగ కారును కోళ్ల గూడు జేసుకోవాలె."

తర్వాత భూపాలపల్లి రోడ్డు మీద, బొగ్గు లారీలు తవ్విన గుంటలో టైరు పగిలింది. ఆ టైరు రబ్బరు ఎంత పలచనిదంటే, చక్రానికి గాజు తొడిగినట్టు ఉంటుంది. ధర కూడా బంగారు గాజుదే. స్టెప్నీ కోసం డిక్కీ వెతికితే పంక్చరు పూడ్చే స్ప్రే డబ్బా ఒకటి దొరికింది. ఆ తర్వాత రెండు పెళ్లిళ్ల బంతిపూల రెక్కలు అద్దం కింద నీళ్లు పోయే సందుల్లో ఇరుక్కున్నాయి. మొదటి వానకే నీళ్లు కారు కంప్యూటర్ పెట్టెలోకి చేరాయి. కారు పెరట్లో నిలబడి, ఎవరూ ముట్టుకోకుండానే వైపర్లు ఆడించి హారన్ కొట్టింది. అవ్వ గాలి సోకిందని మిరపకాయలు దిగదీసింది. పెట్టె మార్చడానికి లక్షా పది వేలయ్యాయి. మిరపకాయల ఖర్చు వేరు.

చదివిన కథల గురించి రాసుకునే నా డైరీలో ఆ నెల వాటి గురించి ఒక్క ముక్క లేదు. అన్నీ ఆయిల్ లీకులే. ఎందుకంటే ఇంట్లోని పుస్తకాలన్నిటి కంటే లావైన పుస్తకం ఇప్పుడు ఆ కారు మాన్యువల్. నేను దాన్ని నవలలా చదివాను. ప్రతి పేజీలో ఎవరో ఒకరు చచ్చిపోతారని బెదిరించే నవల. ఈ సంగతి కనిపెట్టి అన్న నన్ను పట్టుకున్నాడు.

"చెల్లె, బరాత్‌కు నువ్వు ముందటి సీట్ల కూసో. కారు తెర మీద ఇంగ్లీష్ వస్తే నాకు జెప్పు. ఎవలకు ఇనబడొద్దు."

చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునే రకాన్ని నేను. అలాంటిది కురవి దగ్గర ఒక ఊళ్లో, వెనక సీట్లో షేర్వాణీ తొడుక్కున్న పెళ్లికొడుకుతో, ముందు వందమంది డాన్సుతో, ఊరి నడి వీధిలో కూర్చున్నాను.

బరాత్ ఎలా నడుస్తుందో మన వాళ్లకు చెప్పనక్కర్లేదు. డీజే బండి ముందు, దాని వెనక కుర్రాళ్లు, వాళ్ల వెనక కారు. ఒక పాటకు మూరెడు జరుగుతుంది. ట్రాక్టర్‌ను అలా జరిపితే అది నిద్రపోతూ నడుస్తుంది. కానీ ఈ కారు గేర్ బాక్స్‌లో రెండు క్లచ్చులు ఉంటాయి. పరుగెత్తితే హాయిగా ఉంటాయి, పాకితే ఒకదాన్నొకటి తిట్టుకుంటూ కాలిపోతాయి. గంటకు రెండు వందల యాభై కిలోమీటర్లు పోవడానికి చేసిన బండిని మేము రెండు వీధుల అవతలి పెళ్లికూతురి ఇంటి దాకా రెండు గంటల్లో తీసుకుపోతున్నాం.

మూడో పాటకు తెర ఎర్రబడింది.

"అన్నా, గేర్ బాక్స్ వేడెక్కిందట. ఆపుమంటుంది."

"గా మూల మలుపు దాకనే చెల్లె."

"మలుపు దాక ఉండది. పోతది."

"నడి బరాత్‌ల ఆపితే ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ మల్లొస్తది. గేర్ బాక్స్ ఏడికెళ్లి వస్తది?"

అన్న వినలేదు. కారు ఒకసారి వణికింది, కాలిన వాసన లోపలికి వచ్చింది. పాట మధ్యలో కారు ఆగి, అన్న కాలు బ్రేకు మీద ఉన్నప్పుడు, నేను చెయ్యి చాపి ఇంజన్ బటన్ నొక్కేశాను.

అన్న నన్ను చూసిన చూపు రాయను. ఏసీ ఆగిపోయింది. వెనక నుంచి పెళ్లికొడుకు, "అక్కా, సచ్చిపోతున్న" అన్నాడు. తలకు తువ్వాల చుట్టుకుని ఆడుతున్న పెళ్లికొడుకు మేనమామ వచ్చి అద్దం మీద దబదబ బాదాడు.

"ఏమైందిరా డ్రైవరూ? పెట్రోల్ లేదా, పానం లేదా?"

అన్న తల స్టీరింగు మీద వాల్చాడు. నేను తలుపు తీసి దిగాను. "కాకా, బండిని ఎనక నుంచి నూకాలె" అన్నాను. డీజే మోతలో ఆయనకు వినబడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. వినబడలేదు. బలమంతా కూడగట్టి అరిచేసరికి పాట అయిపోయింది. నా "నూకుండ్రి!" వీధి చివరి దాకా పోయింది.

వందమంది తిరిగి చూశారు. ఎవడో, "గింత కారుకు నూకుడేందిరా, మన ఆర్టీసీ బస్సా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పరుగెత్తిపోదామంటే కాళ్లు కదల్లేదు. అందుకని నోరు కదిలింది.

"దేవుని రథం ఇంజన్ తోని నడుస్తదా కాకా? మనుషులు గుంజితెనే గద మర్యాద!"

ఇది మాన్యువల్‌లో లేదు. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో, నెమ్మదిగా కొద్ది దూరం లాగవచ్చని మాత్రం ఉంది. మేనమామ నన్ను చూశాడు, కారును చూశాడు, తాగినవాళ్లకు మాత్రమే వచ్చే భక్తితో కళ్లు తుడుచుకున్నాడు.

"అరే, టెంటు తాళ్లు తేండ్రిరా! నా అల్లునికి గంత మర్యాద లేదా?"

మాన్యువల్‌లో బొమ్మ చూసి ముందు వైపు తాడు కట్టే కొక్కెం ఎక్కడ బిగించాలో నేనే చూపించాను. కుర్రాళ్లు తాళ్లు పట్టుకుని పెళ్లికూతురి ఇంటి దాకా గుంజారు. ఇంజన్ లేక స్టీరింగు రాయిలా బిగుసుకుంటే అన్న దాని మీద పడి తిప్పాడు, బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. ఒక ముసలమ్మ చక్రాల ముందు బిందెడు నీళ్లు పోసింది. ఇంకో ముసలమ్మ, ఎవరైనా ఆపేలోపే, ముందు బంపరుకు కొబ్బరికాయ కొట్టింది. కాయ పగలలేదు. సెన్సార్ పగిలింది. పెళ్లికొడుకు చెమటలు కారుతుండగా, రెండు చేతులూ ఎత్తి జనానికి మొక్కాడు.

మర్నాడు చల్లారిన కారును జనగామ తీసుకుపోతే, ఆ మెకానిక్ దాని కింద దూరి, క్లచ్చులు బతికే ఉన్నాయని, సెన్సార్‌కు ముప్పై వేలవుతుందని చెప్పాడు. ఆ వారమే పెద్దవంగర నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కురవి బరాత్‌లో ఎవరో తీసిన వీడియో చూశాడట.

"మా పిలగానికి గా గుంజే కారే గావాలె. కిరాయి ఎంతైనా పరవాలేదు."

అన్న ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను చూశాడు. నేను తలూపాను.

"వస్తమన్నా" అన్నాడు అన్న గొంతు సవరించుకుని. "గుంజెటోళ్లను మీరే తెచ్చుకోవాలె. కొబ్బరికాయ మాత్రం కింద రాయి మీద కొట్టాలె."