మావయ్య చేతికి కొలతపెట్టి చేసిన రివాల్వర్

ప్రకాశం మావయ్య పోయాడు.

నిన్న పొద్దున స్టాఫ్ రూమ్‌లో ఉండగా అత్త ఫోన్. ఏడుపు లేదు. గొంతు మాత్రం పీలగా వచ్చింది.

"మావయ్య పోయాడే. కుర్సీలోనే పోయాడు. సేతిలో అదుంది. సుత్తి ఎనక్కి లాగుంది. ఎవులూ లోపలికి రావట్లేదు. నువ్వు రాయే."

బాధ కంటే ముందు భయం వచ్చింది. మన తెలుగువాళ్ళ గ్రూపులో ఇది హడావిడిగా టైప్ చేస్తున్నా. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మావయ్య మా అమ్మ తమ్ముడు. కలకత్తా పక్కనే ఉన్న బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాడు. "అది" అంటే ఆయన లైసెన్స్ రివాల్వర్. సింగిల్ యాక్షన్. ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగితే తప్ప, ట్రిగ్గర్ ఎంత నొక్కినా పేలదు.

అది షాపులో దొరికే సరుకు కాదు. మావయ్యకి కుడిచేతి చిటికెన వేలు లేదు, చిన్నప్పుడే మిల్లు మెషీన్లో పోయింది. అందుకని డల్హౌసీ దగ్గర తుపాకులు చేసే ఒక ముసలి మిస్త్రీకి ఆర్డరిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఆ మిస్త్రీ ఈయన అరచేతి అచ్చు మైనంలో తీసుకుని, రోజ్‌వుడ్‌తో పిడి చెక్కాడు. నేనోసారి పట్టుకుని చూశాను. నా చేతిలో అస్సలు ఇమడలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే కిటికీ వెలుతురులో కూర్చుని, తూటాలన్నీ తీసేసి, పాత పంచె ముక్కతో తుడిచేవాడు. సుత్తి లాగితే టక్ టక్‌మని నాలుగు చప్పుళ్ళు.

"ఇను అమ్మలూ, ఇను. గోడ గడియారం కూడా ఇంత సుద్ధంగా కొట్టదు."

వంటింట్లోంచి అత్త: "నా సవితి ముస్తాబు అయిపోతే కూడు తింతావేటి?"

డబుల్ యాక్షన్ తీసుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"దాన్లో కోపమొస్తే ఏలు నొక్కడమే. దీన్లో ముందు సుత్తి లాగాల. ఆ సిటికెలో బుద్ధొచ్చినా వస్తాది" అన్నాడు.

తూటాలు పెట్టినా సరే, సుత్తి కింద ఉండే అర మాత్రం ఖాళీగా ఉంచాలి. పొరపాటున చెయ్యిజారి కింద పడ్డా పేలకూడదు. అది ఆయన రూల్.

బుద్ధి రావడం నేను కళ్ళారా చూశాను. నేను కాలేజీలో చదివే రోజుల్లో, మావయ్య ఇంట్లో ఉండగా మిల్లు లాకౌట్ అయింది. మిల్లు కార్మికులు క్వార్టర్స్ గేటు తోసుకుని వచ్చేశారు. అత్తా నేనూ మంచం వెనక దాక్కున్నాం. మావయ్య సుత్తి లాగాడు. నాలుగు చప్పుళ్ళూ విన్నాను.

అంతలో బయట ఒక కేక వినిపించింది.

"అది మన అప్పన్న గొంతు కాదేటి?" అన్నాడు మావయ్య. అప్పన్న చర్చిలో మా ముందు బెంచీలో కూర్చునేవాడు.

సుత్తిని బొటనవేలితో గట్టిగా పట్టి, ట్రిగ్గర్ నొక్కి, కొంచెం కొంచెంగా దించాడు. వేలికి చెమట. జారితే అంతే. అత్త కళ్ళు మూసుకుని యేసయ్యా యేసయ్యా అంటోంది.

దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేసి, ఉత్త చేతులతో బయటికెళ్ళాడు. సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చోబెట్టి నినాదాలు చేశారు. తర్వాత వాళ్ళే టీ తెచ్చిచ్చారు.

నిన్న నేనుండే భవానీపూర్ నుంచి టాక్సీలో వెళ్ళేసరికి వరండా నిండా పాడా జనం, ఆ వీధివాళ్ళే. ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, "దీదీ, భేతొరే జాబేన్ నా" అన్నాడు. లోపలికి వెళ్ళొద్దు, థానా నుంచి పోలీసులు దారిలో ఉన్నారట.

నేనూ ఆగేదాన్నే. కానీ అత్త ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. రివాల్వర్ గొట్టం ఆమె వైపే ఉంది. రమ్మంటే రాదు. "ఈయన్నొగ్గీసి నానెక్కడికొత్తాను?" అంటుంది.

వెళ్ళాను.

కుర్చీ తలుపు వైపు తిరిగి ఉంది. ఎప్పుడూ కిటికీ వైపు ఉండేది. నిన్న ఆదివారం కూడా కాదు.

పిడి ఆయన చేతిని వదల్లేదు. ఆ చల్లటి చెయ్యి మీద నా చెయ్యి వేసి, గొట్టాన్ని మెల్లగా గోడ వైపు తిప్పాను. సుత్తి మీద బొటనవేలు పెట్టాను. ఆయన ఆ రోజు చేసినట్టే ట్రిగ్గర్ నొక్కి, కొంచెం కొంచెంగా దించాను. పేలలేదు.

రివాల్వర్ పక్కన ఉండే చిన్న మూత తీసి ఒక్కో అరా చూశాను. అన్నిట్లోనూ తూటాలే. ఖాళీగా ఉండాల్సిన అరలో కూడా.

అప్పుడు చెప్పింది అత్త.

"అపార్టుమెంట్లు కట్టే ప్రమోటర్ మనుసులు వత్తన్నారే. ఇల్లు రాసిమ్మంతన్నారు. మల్లీ వత్తామన్నారు. ఎవులికీ సెప్పొద్దన్నాడు మీ మావయ్య. నువ్వు బయపడిపోతావని."

డాక్టర్ గుండె ఆగిందన్నారు. అత్త స్నానానికెళ్ళినప్పుడు ఎవరో తలుపు కొట్టారు. వాళ్ళే అనుకుని ఈయన సుత్తి లాగాడు.

కొట్టింది పాలవాడు. పాపం, వరండా మూల నిలబడి ఏడుస్తున్నాడు. "నా అలికిడికే పోయాడా తాతయ్య?" అని అందర్నీ అడుగుతున్నాడు. ఏం చెప్తాం?

అందరికీ ధైర్యం చెప్పిన మనిషివి. ఇంత భయాన్ని ఒక్కడివే ఎలా దాచుకున్నావు మావయ్యా? ఒక్క ఫోన్ చేస్తే నేను రానా? కోపంగా ఉంది నీ మీద. చాలా కోపంగా ఉంది.

రివాల్వర్ థానా వాళ్ళు పట్టుకెళ్ళారు. ఈరోజు మధ్యాహ్నం సమాధి కార్యక్రమం, వీలున్నవాళ్ళు దయచేసి రండి. మనవాళ్ళు పదిమంది ఉంటే అత్తకి ధైర్యం.

అత్త నా దగ్గరే ఉంది. లిఫ్ట్ గేటు చప్పుడైతే చాలు, నా మణికట్టు పట్టుకుంటోంది. వాళ్ళు ఇక్కడికీ వస్తారేమో తెలీదు. నాకూ భయంగానే ఉంది. అయినా అత్తని ఎక్కడికీ పంపను.

ఇక నీ తలుపు ఎవరూ కొట్టరు మావయ్యా.

ప్రభువు ఇంట్లో గడియ వేసుకోకుండా పడుకో.