మైకు గొట్టాలు గల్లీ వైపు తిప్పిన భిక్షపతి

మొఘల్‌పురాలో భిక్షపతి గొంతు తెలియని ఇల్లు లేదు. అతని మొహం తెలియని ఇళ్లు మాత్రం చాలా ఉండేవి. పరదా వెనక ఉండే ఆడవాళ్లూ, వంటింటి పొగలోంచి బయటపడలేని ఆడవాళ్లూ ఆ గొంతును బట్టి మనిషిని ఊహించుకున్నారు. నిలువెత్తు మనిషి, బుర్రమీసాలు అనుకున్నారట. తీరా చూస్తే బక్కపలచని మనిషి, మీసం కూడా సరిగ్గా మొలవలేదు.

పడుచు వయసులో అతను రిక్షాలో కూర్చుని సినిమాల ప్రచారం చేసేవాడు. వీధి మలుపు తిరిగేలోగా విలన్ ఎవరో, ఎక్కడ ఏడవాలో కూడా చెప్పేసేవాడు. ఆ పని మీద కూడబెట్టి సొంత మైకుసెట్టు కొని, పెళ్లిళ్లకు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాడు. మూఢం వస్తే హిందువుల పెళ్లిళ్లు బంద్, మొహర్రం వస్తే ముసల్మానుల పెళ్లిళ్లు బంద్. డెబ్బైల మొదట్లో ఒక ఏడు ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి సెట్టు మూలకు పడింది.

ఖాళీగా కూర్చుంటే అతనికి నోరు దురద. ఆకాశవాణి ఢిల్లీ సంగతులు చెబుతుంది, సరే. మన నల్లాల్లో నీళ్లెప్పుడొస్తాయో, ఎవరి మేక తప్పిపోయిందో, అగర్‌బత్తీల కార్ఖానాలో పని ఉందో లేదో ఎవరు చెప్పాలి? ఠాణాలో పర్మిషన్ తెచ్చుకుని, బజారులో మిద్దెల మీద మైకు గొట్టాలు కట్టి, రోజూ సాయంత్రం మాట్లాడసాగాడు. ఒక ముక్క తెలుగులో, అదే ముక్క ఉర్దూలో. పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ అజా మొదలయ్యే ముందే ఆపేసేవాడు. మధ్యమధ్య దుకాణాల ప్రకటనలు. జనం దానికి ‘భిక్షపతి రేడియో’ అని పేరు పెట్టారు. దుకాణదారులు ఇచ్చేదాంతోనే రేడియో నడవాలి, అతని ఇల్లూ నడవాలి.

రెండూ నడవలేదు. నీ ప్రకటన విని ఒక్క మనిషి రాలేదంటూ దుకాణదారులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. బహదూర్‌పురాలో మైకులు కిరాయికిచ్చే వైకుంఠం వచ్చి, సెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మేయమన్నాడు. అమ్మితే మళ్లీ సినిమా రిక్షా ఎక్కాలి. దసరా దాకా ఆగమన్నాడు భిక్షపతి.

అప్పుడే లీలమ్మ అడ్డం తగిలింది. ఆమె సర్కారు దవాఖానాలో ఆయా, గల్లీ చివర ఇల్లు, నోరు మహా గట్టిది.

“భిక్షపతన్నా, నీ రేడియో ఎవల కోసం నడుపుతున్నవ్?”

“బస్తీ కోసం. ఇంకెవల కోసం?”

“బస్తీ యాడుంది? బజార్ల సేట్లున్నరు. చీర కొనేది మేము, ఉప్పు పప్పు కొనేది మేము. మేం గల్లీల ఉన్నం. మాకు నీ గొంతు గుయ్యిమని ఇనొస్తది గని ఒక్క మాట సమజ్ కాదు. చీరల దుకాణం అమరనాథ్ సేటు పేరు అమరనాథ్ సేటుకే చెప్తున్నవ్. ఆయన చీరలు ఆయనే కట్టుకుంటడా?”

భిక్షపతి తలెత్తి చూశాడు. నిజమే. గొట్టాలన్నీ దుకాణాల వైపే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తమ పేరు వినపడితే సేట్లు సంబరపడతారని తనే అలా కట్టాడు. పైసలిచ్చేవాడి చెవిలోనే మాట్లాడటం ఈ దేశంలో పెద్దపెద్దవాళ్లకున్న జబ్బు. అది మన భిక్షపతికీ అంటుకుంది. కాకపోతే అతను నిచ్చెన వేసుకుని పైకెక్కి ఆ గొట్టాలను గల్లీల వైపు తిప్పాడు. పెద్దవాళ్లు ఆ పని ఇప్పటికీ చేయలేదు.

మాట ఇళ్లలోకి పోయేసరికి రేడియో తీరే మారింది. కిటికీల్లోంచి కబుర్లు వచ్చి పడ్డాయి. ఫలానా వాళ్ల పిల్లకు జ్వరం తగ్గింది, ఫలానా నల్లాకు ఇయ్యాల నీళ్లు రావు, రేషన్ దుకాణంలో కిరోసిన్ దిగింది. ప్రకటనలు కూడా ముచ్చట్లయ్యాయి. “అమరనాథ్ సేటు కాడ వాయిల్ చీరలు వచ్చినయి. రంగు దిగుతదో లేదో లీలమ్మ ఉతికి చూసినంక చెప్త” అనేవాడు. మర్నాడు నిజంగానే చెప్పేవాడు. “ఆకుపచ్చది దిగలే. ఎర్రది దిగింది. కొంటే ఆకుపచ్చదే కొనున్రి.” పొయ్యి మీద కూర మాడుతున్నా ఆడవాళ్లు కదిలేవాళ్లు కాదు.

అమరనాథ్ మండిపడుతూ వచ్చాడు.

“దుకాణంల కూసుంటే నా పేరు నాకే ఇనొస్తలేదు! పైగా ఎర్ర చీర రంగు దిగుతదని చెప్పినవంట?”

“మీ పేరు మీకెర్కే గద సేటూ.”

“మజాక్ చేస్తున్నవా? బంద్! ఇయ్యాల్టి నుంచి నా ప్రకటన బంద్!”

అతన్ని చూసి మిగిలినవాళ్లూ మానుకున్నారు. వినేవాళ్లు బస్తీ నిండా, ఇచ్చేవాళ్లు సున్నా. దసరా దగ్గరపడింది.

ఆ సమయంలో రేషన్ దుకాణం బాబూరావు భుజం మీద చెయ్యేశాడు. “అందరు ఇచ్చేది నేనొక్కన్నే ఇస్త. ఫికర్ చెయ్యకు. ఒక్కటే ముచ్చట. గ్యాసునూనె వచ్చిందని నేను చెప్పుమన్ననాడే చెప్పు.”

వచ్చిన కిరోసిన్ వెనక తలుపులోంచి హోటళ్లకు పోతుందని భిక్షపతికి తెలియదా? తెలుసు. అబద్ధం చెప్పమనలేదు కదా, ఊరుకోమన్నాడు, అంతే కదా అని మనసుకు సర్దిచెప్పుకుని తలూపాడు.

ఆ సాయంత్రం కిరోసిన్ మాట ఎత్తకుండానే మైకు ఆపేసి చాయ్ తాగడానికి బయల్దేరాడు. గల్లీ చివర, లీలమ్మ పక్కింటి మహబూబ్ బీ వాకిట్లో పచ్చి కట్టెల పొయ్యి ఊదలేక కళ్లు నలుపుకుంటోంది. పక్కనే లీలమ్మ ఖాళీ డబ్బాతో నిలబడింది.

“పీపే ఉతర్తే మై దేఖీ భాయ్” అంది మహబూబ్ బీ. “మగర్ తుమ్ బోలే నై. ఖాలీ పీపే హోంగే, సమ్‌ఝీ.”

పగలు రేషన్ దుకాణం ముందు బండి మీంచి పీపాలు దించుతుంటే ఆమె కళ్లారా చూసింది. భిక్షపతి చెప్పలేదు కాబట్టి అవి ఖాళీవే అనుకుంది. తన కళ్లను కాదని అతని నోటిని నమ్మింది.

“నువ్వు చెప్పకుంటే రానట్టే గదన్నా” అంది లీలమ్మ, అతని మొహంలోకి చూడకుండానే.

భిక్షపతి చాయ్ మాట మరిచిపోయి వెనక్కి పరుగెత్తాడు. యాంప్లిఫయర్ వేడెక్కేదాకా నిలువుకాళ్ల మీద నిలబడ్డాడు. అజా ముగిసింది. అప్పుడు, వేళ కాని వేళ, అతని గొంతు గల్లీల్లో లేచింది.

“అమ్మలారా, బాబూరావు దుకాణంల గ్యాసునూనె ఉన్నది. పగటీలి దిగింది. కార్డులు, డబ్బాలు తీస్కొని ఇప్పుడే పోన్రి!” అదే ఉర్దూలో. మళ్లీ తెలుగులో.

బురఖాలు, చీరకొంగులు, డబ్బాలు, సీసాలు దుకాణం ముందు బారులు తీరాయి. మూసిన తలుపు తెరవక బాబూరావుకు తప్పలేదు.

“నీ రేడియో ఎట్ల నడుస్తదో నేను గూడ చూస్త” అన్నాడు మర్నాడు.

ఎలా నడుస్తుందో భిక్షపతికీ తెలియదు. దసరా పండుగ ముందు వచ్చి సెట్టు కొని తీసుకుపొమ్మని వైకుంఠానికి కబురు పంపాడు. ఒక్క ప్రకటన లేకుండా నీళ్ల సంగతీ మేకల సంగతీ చెప్పి ముగించసాగాడు.

ఆ లోటు ముందు పట్టుకున్నది ఆడవాళ్లే. లీలమ్మ నలుగురిని వెంటేసుకుని అమరనాథ్ దుకాణం మెట్లెక్కింది.

“ఏంది సేటూ, దుకాణం తెరిచే ఉన్నదా? రేడియోల నీ పేరు వస్తలేదు. మూసినవనుకున్నం.”

మర్నాడు ఇంకో గుంపు, అదే మాట. అమరనాథ్ నవ్వేశాడు. ఇంటికి పోతే భార్య కంచం పెడుతూ అడిగింది. “మన దుకాణం నడుస్తలేదా ఏంది? నిజం చెప్పు, నేనేం భయపడను.”

తెల్లారేసరికి అమరనాథ్ భిక్షపతి గడప ముందున్నాడు.

“నా పేరు చెప్పు. గని రంగు దిగిన ముచ్చట చెప్పకు.”

“దిగితే చెప్త సేటూ. దిగకుంటే గది గూడ చెప్త.”

అమరనాథ్ చాలాసేపు గొణుక్కున్నాడు. “అయితే రంగు దిగని చీరలే తెస్త తియ్” అన్నాడు చివరికి. “కనీసం ఒక్క గొట్టమన్న నా దుకాణం దిక్కు తిప్పరాదు?”

“తిప్పను. ఇంటికి పోయి వదినెనడుగు. నీ గురించి ఏం చెప్పిననో ఆమె ఇంటది.”

ఒక్కొక్కరుగా మిగిలిన దుకాణాలవాళ్లూ వచ్చారు, బాబూరావు తప్ప. పండుగ ముందు వైకుంఠం బండి కట్టించుకుని వచ్చి, చాయ్ తాగి, ఖాళీ బండితో బహదూర్‌పురా తిరిగిపోయాడు.